అడ్డపొగ పెద్దమ్మ

ఈ ఏడాది ఉగాదికి ఇంగ్లండ్‌లో మేముండే స్లౌలో మనవాళ్ళు కమ్యూనిటీ హాలు తీసుకుని పచ్చడి, పులిహోర, పిల్లల డాన్సులతో పాటు ఆరోగ్యం మీద ఒక ఉపన్యాసం కూడా పెట్టారు. మాట్లాడింది కోవెంట్రీ నుంచి వచ్చిన ఒకాయన. ఉద్యోగం మానేసి చిరుధాన్యాలు అమ్ముతున్నాడట. మనిషి సన్నగా, చురుగ్గా ఉన్నాడు. మాట కూడా బాగుంది. మైక్రోవేవ్‌ని తిట్టాడు, మైదాని తిట్టాడు, అర్ధరాత్రి దాకా ఫోన్లు చూసే మమ్మల్నందరినీ తిట్టాడు. చివర్లో గొంతు పెంచి, "మన తాతముత్తాతలకి క్యాన్సర్ అనే మాటే తెలియదండీ" అన్నాడు. హాలంతా చప్పట్లు. నా చేతిలో రాగి లడ్డు ఉంది కాబట్టి నేను కొట్టకపోవడం ఎవరూ పట్టించుకోలేదు.

నాకు పక్కింటి పెద్దమ్మ గుర్తొచ్చింది. మామూలు రోజుల్లో అయితే ఆమె ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు చప్పట్లు కొట్టేది. తన చివరి సంవత్సరంలో మాత్రం కొట్టేది కాదు.

మా ఇళ్ళు రెండూ ఒకే గోడకి అతుక్కున్నవి. వెనక తోటలకి మధ్య నడుము ఎత్తు చెక్క కంచె. ఆ ఇంట్లో మొగుడు బ్రాక్‌నెల్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పెళ్ళాం స్లౌ ట్రేడింగ్ ఎస్టేట్‌లో అకౌంట్స్ ఉద్యోగం చేసేవారు. వాళ్ళకి ఒక కూతురు. పెద్దమ్మ అతని తల్లి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు మనిషి. భర్త పోయాక కొడుకు వెంట వచ్చేసింది. ఆమె పేరు నేను ఎప్పుడూ అడగలేదు. మా వీధిలో తెలుగువాళ్ళందరికీ ఆమె ఎదురుగా పెద్దమ్మ, చాటున అడ్డపొగ పెద్దమ్మ. ఎవరైనా ఆంటీ అంటే మాత్రం ఊరుకునేది కాదు. "ఆంటీ ఎవులు? నాకు తెల్దు. మీ ఎదర ఉన్నది ముసిల్ది" అనేది.

ఆమెని మొదటిసారి చూసిన రోజు చినుకులు పడుతుంటే ఆరేసిన బట్టలు తీద్దామని వెనక్కి వెళ్ళాను. కంచె అవతల చెత్త డబ్బాల పక్కన చీర మీద కొడుకు జాకెట్ వేసుకుని, మేజోళ్ళ మీద వేలి చెప్పులు తొడుక్కుని ఒకామె నిలబడి ఉంది. చుట్ట ముట్టించింది. రెండు దమ్ములు లాగి, నిప్పు మీద ఉఫ్ఫున ఊదింది. తర్వాత చుట్టని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసేసింది.

"అమ్మా, చుట్ట తిరగేసిండ్రు. నిప్పు నోట్లున్నది" అన్నాను. మాది వరంగల్. ఇలాంటిది నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. ముక్కులోంచి నిదానంగా పొగ వదిలింది. ఆ తర్వాత చుట్ట తీసి, "తిరగెయ్యనేదు తల్లీ. అడ్డపొగంటే ఇదే. మాకిదే సరయిన ఏపు" అంది.

"కాలదా?"

"అలవాటైపోనాది. మాయమ్మ ఇలగే కాల్చీది. దానమ్మా ఇలగే కాల్చీది. సముద్రం కాడ గాలికి నిప్పు నిలబడదు. ఇలగ పెట్టుకున్నామనుకో, గాలొచ్చినా వానొచ్చినా ఆరదు. రెండు సేతులూ కాళీగుంటాయి. సేపలు ఆరబెట్టుకో, పిల్లకి పాలిచ్చుకో, నీ ఇష్టం." ఆకాశం వైపు ఒకసారి చూసి, "మీ ఊరి వానకి ఇంతకంటే మంచిది ఏటుంది?" అని మళ్ళీ నిప్పు లోపల పెట్టుకుంది.

నిప్పు నోట్లో ఉండగానే ఆమె మాట్లాడగలదు. పెదాలు కదిలేవి కావు గానీ మాట స్పష్టంగా వచ్చేది. తిట్లయితే మరీ స్పష్టంగా వచ్చేవి. మనవరాలు స్కూలు నుంచి వచ్చి ముక్కు మూసుకుని, "నానమ్మా, యూ స్మెల్ లైక్ బాన్‌ఫైర్ నైట్" అనేది. అది మన భోగిమంటల్లాంటి ఇక్కడి పండగ. ఆ మాటకి ఆమె మురిసిపోయేది. అర్థమయ్యే మురిసిందో, మనవరాలు మాట్లాడినందుకే మురిసిందో తెలియదు.

చుట్ట సంగతి అలా ఉంచితే, ఆమెకి ఈ దేశంలో గిట్టని వస్తువు ఫ్రిజ్జు. కోడలు ఆదివారం పొద్దున కూర్చుని వారానికి సరిపడా కూరలు వండి ప్లాస్టిక్ డబ్బాల్లో సర్దేది. పాపం, ఆమె తప్పేముంది? సాయంత్రం ఆరున్నరకి ఇంటికి చేరే మనిషి. పెద్దమ్మ ఆ డబ్బాల్ని చూసి, "నిన్నటి కూరంటే ఊరుకుంటాను. పోయిన ఆదివారం కూరేటమ్మా? దానికి మాసికం పెట్టాల" అనేది. ఫ్రిజ్జు తలుపు తన చేత్తో తెరిచేది కాదు. మజ్జిగ కావలసినా ఎవరో తీసిచ్చేదాకా ఆగేది, తీసిచ్చాక చల్లదనం పోయేదాకా ఆగేది. మైక్రోవేవ్ మీద పాత చీర ముక్క కప్పి దాని మీద ఉప్పు జాడీ పెట్టింది.

తాను మాత్రం తెల్లారకముందే లేచేది. రాత్రి నానబెట్టిన చోడిపిండితో, అంటే రాగిపిండితో, అంబలి కాచి, పొగలు కక్కుతుండగానే ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నంజుకుంటూ తాగేది. అంత వేడి నేనైతే చేత్తో కూడా పట్టుకోలేను. కింద కూర్చునే తినేది. పార్కు చుట్టూ చెప్పులు టపటపలాడించుకుంటూ నడిచేది. కుక్కల్ని తిప్పుకునే ఇంగ్లీషువాళ్ళు ఆమెకి గుడ్ మార్నింగ్ చెప్పడం నేర్చుకున్నారు. ఆమె వాళ్ళ కుక్కల్ని తెలుగులో పలకరించేది.

ఆదివారాలు ఆ ఇల్లు తిరనాళ్ళలా ఉండేది. షుగరొచ్చినవాళ్ళు, బీపీ వచ్చినవాళ్ళు, బరువు తగ్గాలనుకునేవాళ్ళు అందరూ వచ్చేవారు. పొట్టలు పెంచిన కుర్రాళ్ళ పొట్ట మీద వేలు పెట్టి, "ఎన్నో నెల బావూ?" అని అడిగేది. అంబలి పోసేది. ఎండు చేప వేయించి పెట్టేది. టేకవే తినేవాళ్ళని పేరు పేరునా కడిగేసేది. "మా కాలంలో ఈ కేన్సర్లు ఎక్కడున్నాయమ్మా? మేం వినేనేదు. సద్దన్నం తిన్నాం, సాకిరీ సేసినాం, పండుటాకుల్లాగ రాలిపోనారు మా పెద్దలు" అనేది. అందరూ తల ఊపేవారు. నేనూ ఊపాను. మా ఆయన షుగర్ తగ్గింది ఆమె మాట విన్నందుకే. ఆమె చెప్పినవాటిలో నూటికి తొంభై నిజాలే, అదే మా కొంప ముంచింది.

లండన్‌లో ఒలింపిక్స్ జరిగిన ఏడాది నా రొమ్ములో గడ్డ చేతికి తగిలింది. మా పేట డాక్టరు చూసి ఆసుపత్రికి రాసింది. మా ఆయన ఆ వారం ఆఫీసు పని మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. కంచె దగ్గర నిలబడి ఏడుస్తుంటే పెద్దమ్మ చుట్ట ఆర్పేసి లోపలికి వెళ్ళి, చీర మార్చుకుని వచ్చింది. రెండు బస్సులు మారి నాతో వచ్చింది. బస్సులో దారి పొడుగునా నన్ను తిట్టింది. ప్లాస్టిక్ డబ్బాలో వేడి అన్నం పెట్టుకుపోతావు, రాత్రి పదికి తింటావు, పడుకోవలసిన వేళ ఫోను నొక్కుతావు, మరి గడ్డలు రావా అని. తిడుతున్నంతసేపూ నా చెయ్యి వదల్లేదు. సూది గుచ్చి చూశారు. తర్వాత వారం మామూలు గడ్డేనని చెప్పారు. ఆ రోజూ వచ్చింది. తిరిగొస్తూ, "ఉన్నాదో నేదో సూపించీసుకున్నావు. మంచి పని సేసినావు. దాసుకోకూడదు" అంది. ఆ మాట నేను మనసులో పెట్టుకున్నాను.

తర్వాత రెండేళ్ళకనుకుంటాను, చలికాలం. గిన్నె తిరిగిచ్చేద్దామని వెనక తలుపు తోసుకుని వాళ్ళ వంటింట్లోకి వెళ్ళాను. పెద్దమ్మ ఫ్రిజ్జు తలుపు బార్లా తీసి దాని ముందు నిలబడి ఉంది. చేతిలో ఐసు ట్రే ఉంది. బుగ్గ ఉబ్బి ఉంది. కళ్ళు మూసుకుని ఐసు ముక్కని అంగిలికి నొక్కి పట్టుకుని ఉంది. బయట మంచు కురుస్తోంది. నన్ను చూసి దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ట్రే వెనక్కి దాచుకుంది.

"ఏమైంది పెద్దమ్మా?"

"ఏటీ నేదు. నోరు కొంచెం వేడి సేసింది. కోడలికి సెప్పకు. నవ్వుతాది."

కోడలు నవ్వలేదు. అత్తగారు పచ్చిమిరపకాయ మానేసిందనీ, అంబలి చల్లారబెట్టుకుని తాగుతోందనీ ఆమే ముందు కనిపెట్టింది. ఆదివారం అందరూ కూర్చుని ఆలోచించారు. ఆ ఆలోచన గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. టూత్‌పేస్టు వల్ల అన్నారు ముందు. పేస్టు పారేసి వేపపొడి తెప్పించారు. తగ్గలేదు. కుళాయి నీళ్ళ వల్ల అన్నారు. రాగి బిందె వచ్చింది. తగ్గలేదు. నాన్‌స్టిక్ పెనాలు పోయాయి, ప్లాస్టిక్ డబ్బాలు పోయాయి, బ్రెడ్డు పోయింది, ఆ చీర ముక్క కప్పిన మైక్రోవేవ్ కూడా పోయింది. వచ్చిన ప్రతివాడూ తనకి తోచిన వస్తువు ఒకటి చెప్పేవాడు. ఇంట్లో కొత్తవన్నీ ఒకటొకటే వీధిలోకి పోయాయి. పెద్దమ్మ అన్నీ విని, తల ఊపి, వెనక్కి వెళ్ళి చుట్ట ముట్టించి నిప్పు లోపలికి తిప్పుకునేది.

నేను ఒక డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్‌లో పనిచేస్తాను. నోటి జబ్బుల పోస్టర్ కింద రోజంతా కూర్చునేదాన్ని. ఆగలేక అందరి ముందే, "ముందు చుట్ట బంద్ చెయ్యి పెద్దమ్మా. డెంటిస్టుకు చూపిద్దాం" అన్నాను.

వాళ్ళబ్బాయి నవ్వాడు. మంచివాడే. తల్లంటే ప్రాణం. "అది అమ్మకి చిన్నప్పట్నుంచీ అలవాటండీ. దానివల్లే అయితే ఎప్పుడో రావాలి కదా? ఇది ఇక్కడికొచ్చాక వచ్చింది. అంటే ఇక్కడిదేదో పడలేదనేగా అర్థం" అన్నాడు. లెక్క సరిగ్గానే ఉన్నట్టు అందరికీ అనిపించింది. ఏటా ఊరెళ్ళినప్పుడు చుట్టల కట్టలు తెచ్చేది అతనే. సూట్‌కేసులో ఎండుచేపల పొట్లాల పక్కన పెట్టుకుని తెచ్చేవాడు. ఊరి నుంచి వచ్చిన వస్తువుని ఎవరూ అనుమానించలేదు.

ఆ చలికాలం అలా గడిచిపోయింది. వసంతానికి ఆమె జాకెట్ వదులైంది. ఒకరోజు కంచె దగ్గర పట్టుకున్నాను. "నాతోటి రెండు బస్సులెక్కి వచ్చినవ్. దాచుకోవద్దని నువ్వే అన్నవ్. ఇప్పుడు నేనొస్తా, నడువు" అన్నాను.

"నోరు తెరిస్తే వాసనొస్తాదమ్మా. పరాయోడి ముందల ఎలగ తెరుస్తాను?" అంది. అదీ ఆమె భయం. నేను వదల్లేదు.

మా డెంటిస్టు కుర్రవాడు. అందరితో జోకులేస్తాడు. పెద్దమ్మ నోట్లోకి లైటు వేసి చూశాక మాత్రం నవ్వు మాని అద్దం ట్రేలో పెట్టేశాడు. ఎన్నాళ్ళ నుంచి ఉందో అడగమన్నాడు. నేనూ తొంగి చూశాను. అంగిలి అంతా మాడిన పాల గిన్నె అడుగులా తెల్లగా, గరుకుగా ఉంది. మధ్యలో ఎర్రటి పుండు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి రాశాడు.

ఆసుపత్రిలో ముక్క తీసి పరీక్ష చేశారు. ఫలితం చెప్పిన రోజు కొడుకు బయటికి వెళ్ళి, కారిడార్‌లో గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. పెద్దమ్మా నేనూ కుర్చీల్లో కూర్చున్నాం. ఆమె ఏడవలేదు. కోపంగా ఉంది.

"మా వొంశంలో నేదమ్మా ఇది. మావోళ్ళెవులికీ నేదు. ఇది ఈ దేశం జబ్బు" అంది.

నేను అడగకుండా ఉండవలసిందో ఏమో నాకు తెలియదు. నోటికొచ్చేసింది. "మీ అమ్మ ఎట్ల పోయింది పెద్దమ్మా?"

"మాయమ్మా? నోట్లో కురుపు లేసింది. గంజి కూడా దిగనేదు. తాగిన గంజి ముక్కులోంచి వొచ్చీసీది."

"మరి అమ్మమ్మ?"

"అది ముసిల్ది కాదేటి. దానికీ నోరే. పైన బెజ్జం పడిపోనాది. అమ్మోరు సూపన్నారు." అక్కడితో ఆపుతుందనుకున్నాను. నేను అడగకుండానే, "మా మేనత్తకి బుగ్గ పేలిపోనాది" అంది. ఆమె చెయ్యి మెల్లిగా పైకి లేచి నోటికి అడ్డంగా ఆగింది. ఇంకెవరెవరో గుర్తొస్తున్నట్టున్నారు. పెదాలు కదిలాయి గానీ పేర్లు బయటికి రాలేదు. ఎదురుగా ఎవరో ముసలాయన పేపరు తిప్పుతున్నాడు.

ఆ చెయ్యి దించి, "మేం దాన్ని కేన్సరనీవోళ్ళం కాదు. నోటి కురుపు అనీవోళ్ళం" అంది.

ఇంటికి రాగానే ఆమె చుట్టల కట్టలన్నీ తీసుకెళ్ళి తన చేత్తోనే చెత్త డబ్బాలో పడేసింది. ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఒక్కటి కూడా ముట్టుకోలేదు. అంత తేలిగ్గా మానేయగలిగిందని చూసి కొడుకు వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఆపరేషన్‌లో పై అంగిలి చాలావరకు తీసేశారు. ఆ బెజ్జానికి అడ్డంగా ఒక ప్లేటు చేసిచ్చారు. ప్లేటు పెట్టుకుంటే మాట కొంత తెలిసేది. తీస్తే ముక్కుతో మూలిగినట్టుండేది, తాగిన నీళ్ళు ముక్కులోంచి వచ్చేవి. మొదటిసారి అలా వచ్చినప్పుడు ఆమె గ్లాసు కింద పెట్టి నా వైపు చూసింది. తన తల్లి సంగతి నాకు చెప్పినట్టు ఆమెకి గుర్తుంది. నాకూ గుర్తుంది.

ఆదివారాలు జనం రావడం మానేశారు. ఆమె చేతి అంబలి తాగి సన్నబడ్డవాళ్ళే, "పాపం పెద్దావిడకి ఇక్కడి నీళ్ళు పడలేదు" అని పార్కులో అనుకుంటుంటే విన్నాను. ఆ రోజు వాళ్ళని కొట్టాలనిపించింది.

ఎండాకాలం నాటికి మెడలో గడ్డలు కనిపించాయి. ఇక చేసేదేమీ లేదన్నారు. నన్ను పిలవాలంటే వెనక తలుపు దగ్గర కూర్చుని స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేది. ఒక మధ్యాహ్నం అలాగే కొట్టింది. వెళ్ళేసరికి ఒళ్ళో ఫోను పెట్టుకుని ఉంది. నోరు పుండైపోయి ఆ రోజు ప్లేటు పెట్టుకోలేకపోయింది. ఫోను చూపించి, తన నోరు చూపించి, సైగ చేసింది. ఊళ్ళో ఆమె చెల్లెలు ఉంది. ఆమెదీ అడ్డపొగే. నన్ను మాట్లాడమంటోంది.

ఫోను స్పీకర్‌లో పెట్టాను. చెల్లెలు ఎత్తింది. పక్కింటిదాన్నని చెప్పాను. పెద్దమ్మ చెప్పమన్నదని చెప్పి, చుట్ట మానేయమన్నాను, ఆసుపత్రికి వెళ్ళి నోరు చూపించుకోమన్నాను. మీ అమ్మా అమ్మమ్మా పోయింది కూడా దీంతోనే అన్నాను.

అటు నుంచి వచ్చే మాటలో పెదాలు కదలడం లేదు. ఆ మాట తీరు నాకు బాగా తెలుసు.

"మాకేటి కాదమ్మా. సముద్రం గాలి, సద్దన్నం తినే ఒళ్ళు మాది. అక్కకి ఆ దేశం తిండి పడనేదు. ఫ్రిజ్జులో కూడు పెట్టీసినారు దానికి. ఇక్కడే ఉంటే బతికీసును" అంది. చిన్నగా దగ్గి, మళ్ళీ అదే తీరుతో, "ఉండమ్మా, వానొచ్చీసింది. సేపలు తీసుకోవాల" అంది.

పెద్దమ్మ నా చేతిలోంచి ఫోను లాక్కుంది. రెండు చేతులా పట్టుకుని నోటి దగ్గర పెట్టుకుంది. మెడ నరాలు ఉబ్బాయి. "నిప్పు తీసీయే. నోట్లోంచి నిప్పు తీసీయే" అంది. పక్కనే ఉన్నాను కాబట్టి, ఏం చెప్పాలనుకుంటోందో తెలుసు కాబట్టి, నాకు అర్థమైంది. ఫోనులోకి వెళ్ళింది మాత్రం మూలుగే.

అటు కాసేపు వాన చప్పుడు వినిపించింది.

"ఎవులమ్మా అది? మాట తెలవట్లేదు" అంది చెల్లెలు. "అక్కకియ్యమ్మా ఫోను. అక్కతో మాటాడతాను."

పెద్దమ్మ ఫోను మీదికి ఇంకొంచెం వంగి మళ్ళీ అదే మాట చెప్పింది.